ఆకలికైతే వేట, సరదాకైతే ఆటా?

ఆట అంటే ఏమిటో మనందరికీ తెలుసు. బడి మైదానంలో రోజూ కబడ్డీ, ఖోఖో ఆడుతూనే ఉన్నాం. ఆటకు రెండు జట్లుంటాయి. రెండు జట్లూ ఇష్టపడి బరిలోకి దిగుతాయి. నియమాలు రెండు జట్లకూ తెలుసు. ఓడిన జట్టు కూడా సాయంత్రం ఇంటికెళ్లి అన్నం తింటుంది. ఈ నాలుగింటిలో ఏ ఒక్కటి లేకపోయినా దాన్ని ఆట అనలేం.

మరి సముద్రంలో మార్లిన్ చేపకు గాలం తగిలించి, అది అలసి సొలసి పోయేదాకా గంటల తరబడి లాగడాన్ని "స్పోర్ట్ ఫిషింగ్" అని ఎందుకంటున్నారు? ఆ చేప ఎప్పుడు ఒప్పుకుంది? దానికి నియమాలు ఎవరు చెప్పారు? అది ఆట కాదు, వేట. నేను ఈ వ్యాసంలో చెప్పేది ఇంతే. వేట అని ఒప్పుకుంటే దానికి హద్దులు వస్తాయి. ఆట అని పేరు పెడితే హద్దులు పోయి చప్పట్లు మిగులుతాయి.

ఈ గొడవ మనకెందుకు అని మీరు అడగవచ్చు. మా తరగతిలో చాలామంది ఫోన్లలో ఈ వీడియోలు తిరుగుతున్నాయి. నీలిరంగు చేప ఒకటి నీళ్లలోంచి ఎగిరి గాలిలో మెలికలు తిరుగుతుంది, తెల్ల పడవలో వాళ్లు కేకలు వేస్తారు, మనవాళ్లు "సూపర్" అంటారు. అది ఎగిరేది సంతోషంతో కాదు, నోట్లో గుచ్చుకున్న గాలాన్ని విదిలించుకోవడానికి. ఇంకో కారణం కూడా ఉంది. గోపాల్‌పూర్ నుంచి ఆర్యపల్లి దాకా మనవాళ్లలో ఎంతోమంది సముద్రాన్ని నమ్ముకుని బతుకుతున్నారు. ఒడియావాళ్లు మనల్ని నోళియాలు అంటారు. మా తాత, మా నాన్న వేటకెళ్లేవాళ్లే. ఆ చేపను మా ఇంట్లో మార్లిన్ అనరు, కొమ్ముకోనాం అంటారు. ఇంట్లో పేరున్న చేప గురించి మాట్లాడే హక్కు నాకు ఉందనుకుంటున్నాను.

ముందు ఈ "ఆట" ఎలా జరుగుతుందో చూద్దాం. హవాయి దీవుల్లో కోనా అనే ఊరు దీనికి పేరుమోసింది. కోనాకూ మన కోనాంకూ చుట్టరికం లేదు, పేరు అలా కలిసిందంతే. ఆస్ట్రేలియాలో కెయిర్న్స్, మెక్సికోలో కాబో శాన్ లూకాస్ కూడా ఇలాంటి చోట్లే. మన దేశంలో అండమాన్‌లోనూ ఈ పడవలు ఉన్నాయి. చార్టర్ అంటే పడవను, సరంగును, కళాసీని కలిపి రోజుకింత అని అద్దెకు తీసుకోవడం. కోనాలో పెద్ద పడవకు ఒక్క రోజు అద్దె వెయ్యి డాలర్లు దాటడం మామూలే. చేపలు ఎక్కడ తిరుగుతాయో తెలిసినవాడు సరంగు. ఎర కట్టి, గాలాలు వదిలేది కళాసీ. చేప తగిలాక డబ్బు కట్టిన పెద్దమనిషి పడవ వెనకవైపు బిగించిన కుర్చీలో కూర్చుని, నడుముకు పట్టీ కట్టుకుని, రీలు తిప్పుతాడు. చేప పారిపోతుంటే సరంగు ఇంజన్‌ను రివర్స్‌లో పెట్టి దాని వెంట పడతాడు. చివర్లో గాలపు తీగను చేతికి చుట్టుకుని చేపను పడవ పక్కకు లాగే పని మళ్లీ కళాసీదే. ఆ క్షణంలో చేప ఒక్క గుంజు గుంజితే పడవలోంచి సముద్రంలోకి పోయేదీ కళాసీయే. ఫొటోలో నడుమ నిలబడేది మాత్రం కుర్చీలో కూర్చున్నవాడు. రికార్డు పుస్తకంలో పేరు ఎక్కేదీ అతనిదే.

ఇంజన్ పడవ, ఉక్కు గాలం, ఎంత లాగినా తెగని దారం, ముగ్గురు నలుగురు మనుషులు ఒక పక్క. ఇంకో పక్క ఒక్క చేప. దీన్ని "పోరాటం" అని రాస్తారు!

ఈ ఆటకు నియమాలు ఉన్నాయి కదా అని వాళ్లంటారు. ఉన్నాయి. 1939లో మొదలైన అంతర్జాతీయ గేమ్ ఫిష్ సంఘం, ఐజీఎఫ్ఏ, ఈ నియమాలు రాస్తుంది, రికార్డులు నమోదు చేస్తుంది. ఇప్పటిదాకా నల్ల మార్లిన్ రికార్డు ఆల్ఫ్రెడ్ గ్లాసెల్ అనే అమెరికా ధనవంతుడిది. 1953 ఆగస్టు 4న పెరూలోని కాబో బ్లాంకో దగ్గర 1,560 పౌన్ల చేపను పట్టాడు. అంటే మన లెక్కలో 707 కిలోలు. ఆ నియమాలు ఎవరిని కాపాడుతున్నాయో తెలియాలంటే ఒక ఉదాహరణ చాలు.

అమెరికాలో నార్త్ కరోలినా రాష్ట్రం మోర్‌హెడ్ సిటీలో ఏటా బిగ్ రాక్ అనే మార్లిన్ పోటీ జరుగుతుంది. 2023 జూన్‌లో సెన్సేషన్ అనే పడవ 619.4 పౌన్ల, అంటే సుమారు 281 కిలోల, నీలి మార్లిన్‌ను ఒడ్డుకు తెచ్చింది. ఆరు గంటలకు పైగా లాగి తెచ్చిన చేప అది. పోటీలో అన్నిటికన్నా పెద్దది. అయినా న్యాయనిర్ణేతలు దాన్ని లెక్కలోంచి తీసేశారు. కారణం, దాని ఒంటి మీద సొరచేప కొరికిన గాట్లు ఉన్నాయి. ఐజీఎఫ్ఏ నియమం ప్రకారం అలా గాయపడిన చేప చెల్లదు. దాంతో ఆ పడవవాళ్లకు సుమారు 35 లక్షల డాలర్ల బహుమతి పోయింది. మన డబ్బులో 28 కోట్లకు పైమాటే. 484.5 పౌన్ల చేపను తెచ్చిన ఇంకో పడవ గెలిచింది.

ఊరూరా, టీవీల్లో, పేపర్లలో పెద్ద వాదన జరిగింది. పడవవాళ్లకు అన్యాయం జరిగిందని కొందరు, నియమం నియమమేనని కొందరు. నాకు ఆశ్చర్యం కలిగించింది వేరే సంగతి. గాయపడిన చేప తన బలమంతా చూపలేదు కాబట్టి దాన్ని గెలవడం గొప్ప కాదు అన్నది ఆ నియమం వెనకున్న ఆలోచన. బాగుంది. మరి నోట్లో గాలం దిగిన చేప గాయపడని చేపా? సొర కొరికితే అన్యాయం, మనిషి గుచ్చితే న్యాయమా? ఆ నియమం చేపను కాపాడటానికి రాసింది కాదు. గెలిచినవాడి గొప్పతనాన్ని కాపాడటానికి రాసింది. చచ్చిపోయిన చేప సంగతి ఎవరికీ పట్టలేదు. అది లెక్కలోకి కూడా రాకుండా చచ్చిపోయింది.

హెమింగ్వే 1952లో అచ్చు వేయించిన "ముసలివాడు, సముద్రం" నవల గురించి మన మాస్టార్లు చెప్పే ఉంటారు. ఈ గేమ్ ఫిషింగ్‌వాళ్లకు అది భగవద్గీత లాంటిది. హెమింగ్వే స్వయంగా ఈ వేట చేసేవాడు, ఐజీఎఫ్ఏకు ఉపాధ్యక్షుడిగా కూడా ఉన్నాడు. ఆ నవల మీద 1958లో తీసిన సినిమాలో గ్లాసెల్ పట్టిన చేప దృశ్యాలు వాడుకున్నారు. కానీ ఆ నవలలో ముసలివాడు ఎవరు? సాంటియాగో ఒక క్యూబా బెస్తవాడు. 84 రోజులు ఒక్క చేపా పడక, పూట గడవక ఉన్నవాడు. చేతిలో గాలపు తాడు తప్ప కర్రా లేదు, రీలూ లేదు. అతను పట్టిన మార్లిన్‌ను దారిలో సొరచేపలు తినేశాయి.

ఇప్పుడు ఆ ముసలివాణ్ణి ఐజీఎఫ్ఏ తూకం దగ్గరికి తీసుకెళ్దాం. కర్ర, రీలు లేకుండా చేతితాడుతో పట్టాడు, కాబట్టి చెల్లదు. సొరచేపలు కొరికాయి, కాబట్టి మళ్లీ చెల్లదు. వాళ్లు దండం పెట్టే కథలోని వీరుడే వాళ్ల గుమ్మం దాటలేడు. ఎందుకంటే అతనిది వేట, వాళ్లది సరదా. సాంటియాగో మా తాతలకు చుట్టం, కుర్చీలో కూర్చున్న పెద్దమనుషులకు కాదు.

కొమ్ముకోనాం ఎంత ప్రమాదమో మనవాళ్లకు ఎవరూ వీడియో తీసి చెప్పనక్కర్లేదు. 2022 ఫిబ్రవరిలో విశాఖపట్నం దగ్గర ముత్యాలమ్మపాలెం నుంచి వేటకు వెళ్లిన ఒక యువకుడు కొమ్ముకోనాం పొడిచి చనిపోయాడు. 2025 జూలైలో పూడిమడక దగ్గర గాలానికి పడ్డ కొమ్ముకోనాం ఒక మత్స్యకారుణ్ణి సముద్రంలోకి లాక్కుపోయింది. వాళ్ల కుర్చీలకు పట్టీలు లేవు, రివర్స్ వేసే సరంగు లేడు. మా తాత ఎప్పుడూ ఒకటే చెప్తాడు, "కొమ్ముకోనాం తగిల్తే ముందు తాడొగ్గీ, పేణం ముక్యం" అని. ధైర్యం గురించి మాట్లాడాలంటే వీళ్ల గురించి మాట్లాడండి. వీళ్లలో ఎవ్వరూ దాన్ని ఆట అనలేదు.

ఇంక అసలు నష్టం దగ్గరికి వద్దాం. వెయ్యి పౌన్లు, అంటే 450 కిలోలు దాటిన మార్లిన్‌ను వాళ్లు "గ్రాండర్" అని పిలుస్తారు. జీవితంలో ఒక్క గ్రాండర్ అయినా పట్టాలని కలలు కంటారు. మార్లిన్లలో మగ చేపలు అంత పెరగవు. నీలి మార్లిన్ మగది 150 కిలోలు దాటడమే అరుదు. అంటే ఆ గ్రాండర్లన్నీ ఆడ చేపలే, లక్షల కొద్దీ గుడ్లు పెట్టే పెద్ద తల్లులు. తూకానికి బహుమతి పెట్టడం అంటే తల్లి మీద బహుమతి పెట్టడమే. ప్రపంచ ప్రకృతి పరిరక్షణ సంస్థ, ఐయూసీఎన్, 2011లోనే నీలి మార్లిన్‌ను ముప్పున్న జీవుల జాబితాలో చేర్చింది.

ఆస్ట్రేలియాలో గ్రేట్ బ్యారియర్ రీఫ్ అంచుకు సెప్టెంబరు నుంచి డిసెంబరు దాకా నల్ల మార్లిన్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. చార్టర్ పడవలకు సీజన్ కూడా సరిగ్గా అప్పుడే! మన సంగతి చూడండి. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు యంత్రపు పడవలు వేటకు వెళ్లకూడదు. ఎందుకంటే అది చేపలు గుడ్లు పెట్టే కాలం. ఇది చాలదన్నట్టు మన రుషికుల్య నది మొగ దగ్గర తాబేళ్ల కోసం నవంబరు 1 నుంచి మే 31 దాకా 20 కిలోమీటర్ల లోపు వేట నిషేధం. ఆ ఏడు నెలలూ ఇళ్లల్లో పొయ్యి ఎలా వెలుగుతుందో మా అమ్మలను అడగండి. తాబేళ్లు బతకాలి, నేను కాదనను. కానీ ఒక చోట గుడ్లు పెట్టే కాలమని పేదవాడి పడవ ఒడ్డెక్కుతుంది, ఇంకో చోట అదే కాలమని డబ్బున్నవాడి పడవ సముద్రంలోకి దిగుతుంది. ఇదేం న్యాయం?

ఎదుటివాళ్ల వాదనలు కూడా చెప్పాలి. చెప్పకపోతే అది వ్యాసం కాదు, తిట్ల దండకం అవుతుంది.

మొదటి వాదన: "మేం చంపడం లేదు, పట్టి వదిలేస్తున్నాం." చాలా చేపలను వదిలేస్తున్న మాట నిజమే. ఆస్ట్రేలియాలో ఇప్పుడు దాదాపు అన్నింటినీ వదిలేస్తారు. బిగ్ రాక్‌లో కూడా ఒడ్డుకు తెచ్చేవి కొన్నే. కానీ వదిలిన చేప బతికిందని ఎవరు చూశారు? తెల్ల మార్లిన్ల మీద శాస్త్రవేత్తలు అలాంటి పరీక్ష చేసి 2005లో ఫలితాలు ప్రచురించారు. చేపలకు ఉపగ్రహ పరికరాలు కట్టి వదిలారు. మామూలు వంపు గాలంతో పట్టిన చేపల్లో 100కి 35 చనిపోయాయి. కొన లోపలికి తిరిగి గుండ్రంగా ఉండే సర్కిల్ గాలంతో పట్టినవి అన్నీ బతికాయి. ఇందులో రెండు పాఠాలున్నాయి. "వదిలేశాం" అంటే "బతికింది" అని అర్థం కాదు అన్నది ఒకటి. గాలం మార్చినంత మాత్రాన ఇన్ని ప్రాణాలు దక్కుతాయి అన్నది రెండోది. అంత సులువైన మార్పును ప్రపంచమంతా తప్పనిసరి ఎందుకు చెయ్యలేదు?

రెండో వాదన: "మార్లిన్లను ఎక్కువగా చంపేది టూనా కోసం మైళ్ల పొడవున గాలాలు వేసే పెద్ద ఓడలు, మేం కాదు." ఇది నిజం. ఆ ఓడల మీద కూడా నాకు కోపమే, అవి మన చిన్న పడవల నోటి ముందు కూడు లాగేసుకుంటున్నాయి. కానీ పెద్ద దొంగ ఉన్నాడు కాబట్టి చిన్న దొంగతనం తప్పు కాదు అంటే మన హెడ్మాస్టరు ఒప్పుకుంటారా?

మూడో వాదన: "మా వల్లే శాస్త్రం పెరిగింది, మేం గుర్తు బిళ్లలు కట్టి వదిలిన చేపల వల్లే వాటి దారులు తెలిశాయి." ఇది ఒప్పుకోవాల్సిందే. అమెరికాలో డెలావేర్ తీరం దగ్గర బిళ్ల కట్టి వదిలిన నీలి మార్లిన్ ఒకటి మారిషస్ దగ్గర, మన హిందూ మహాసముద్రంలో, మళ్లీ దొరికింది. రెండు మహాసముద్రాలు దాటి వచ్చింది! ఇది చదివినప్పుడు నాకు ఒళ్లు పులకరించింది. అయితే దీన్నుంచి నాకు తెలిసింది వేరు. అంత దూరం తిరిగే చేప ఏ ఒక్క దేశానిదీ కాదు, ఏ ఒక్క క్లబ్బుదీ కాదు. అక్కడ వాళ్లు సరదాకు చంపింది రేపు మారిషస్‌లోనో, మన వైపో ఎవరికో తిండి కావాల్సిన చేప.

నాలుగో వాదన నాకు అన్నిటికన్నా కష్టమైనది: "ఈ పడవల మీద సరంగులు, కళాసీలు, హోటళ్లవాళ్లు బతుకుతున్నారు." కళాసీ కష్టం తెలిసిన ఇంట్లో పుట్టినదాన్ని, వాళ్ల కూలి పోవాలని నేను కోరుకోను. కానీ చేపను తూకానికి వేలాడదీస్తేనే వాళ్లకు కూలి వస్తుందా? చంపకుండా, నీళ్లలోంచి పైకి తీయకుండా, పొడవు కొలిచి వదిలినా పడవకు అద్దె అంతే కదా. పెద్ద తల్లులు మిగిలితేనే రేపు ఆ కళాసీ కొడుక్కి పని మిగులుతుంది.

చివరగా మనల్నే అడిగే మాట ఒకటుంది. "మీరు చంపడం లేదా?" చంపుతున్నాం. దాచుకోవడం ఎందుకు? వలలో కొమ్ముకోనాం పడితే బజారుకు తెస్తాం, ముక్కలు కోసి అమ్ముతాం. ఆ డబ్బుతో బియ్యం వస్తుంది, డీజిల్ అప్పు తీరుతుంది, నా ఫీజు కట్టారు. మేం చేసేది పుణ్యం అని చెప్పట్లేదు. అవసరం అని చెప్తున్నాం, ఆ అవసరానికి చట్టం గీసిన గీత దగ్గర ఆగుతున్నాం. అమెరికాలో 2012లో మార్లిన్ అమ్మకాలను ఆపడానికి ఒక చట్టం తెచ్చారు, హవాయికి మినహాయింపు ఇచ్చారు. అట్లాంటిక్ మార్లిన్ అమ్మకం అంతకుముందే నిషేధం. అదే అట్లాంటిక్‌లో సరదా వేటగాళ్లు ఏడాదికి 250 మార్లిన్ల దాకా ఒడ్డుకు తెచ్చుకోవచ్చు. అంటే ఏమైంది? చంపి పేదవాడు అమ్మితే నేరం. చంపి పెద్దమనిషి తూకం వేయించుకుని లక్షల డాలర్ల బహుమతి పుచ్చుకుంటే ఆట!

అందుకని నేను అడిగేవి ఇవి. తూకానికి బహుమతులు పెట్టే పోటీలు ఆగిపోవాలి. పట్టదలచుకుంటే సర్కిల్ గాలంతో పట్టాలి, నీళ్లలోనే విడిచిపెట్టాలి. గుడ్లు పెట్టే కాలంలో ఈ పడవలు కూడా మన పడవల్లాగే ఒడ్డున ఉండాలి. రేపు పర్యాటకం పేరుతో ఇవి మన తీరానికి వస్తే, ముందు మన పల్లెల పెద్దలను అడగాలి. మనకున్న నిషేధాలన్నీ వాటికీ పెట్టాలి. మనవాళ్లను కళాసీలుగా మాత్రమే కాదు, సరంగులుగా, యజమానులుగా పెట్టాలి. ఏడు నెలలు మనకు మూసిన నీళ్లు వాళ్లకు తెరవడానికి వీల్లేదు.

తోటి విద్యార్థులకు ఒక్క మాట. ఇకమీదట ఆ వీడియో వస్తే "సూపర్" అనే ముందు చేప నోటి వైపు ఒకసారి చూడండి. అమ్మానాన్నలకు, మాస్టార్లకు కూడా ఒక మనవి. మన భాషలో చేపలు పట్టడాన్ని మొదటినుంచీ వేట అనే అంటున్నాం, "వేటకెళ్లారు" అంటున్నాం. ఆ మాటలో ప్రాణం తీస్తున్నామన్న ఒప్పుకోలు ఉంది. ఇంగ్లీషు నుంచి "గేమ్" అనే మాట వచ్చినా మన మాటను వదులుకోవద్దు.

నా మాటలు తప్పనిపించినవాళ్లు వచ్చే సంచికలో జవాబు రాయండి. రాసేటప్పుడు ఒక్క ప్రశ్నకు మాత్రం సమాధానం చెప్పండి: ఈ ఆటలో చేప ఎప్పుడైనా గెలిచిందా? గెలిస్తే దానికి బహుమతి ఏమిచ్చారు?

- పదో తరగతి విద్యార్థిని, గంజాం జిల్లా